గ్రేడ్ రావాల్సిన చోట ‘ఐ’ పడిన మన విద్యార్థులకు బహిరంగ లేఖ

అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న తెలుగు విద్యార్థులకు,

నేను ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెబుతాను. అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల మీద ఏటా వచ్చే ఓపెన్ డోర్స్ నివేదిక లెక్కల ప్రకారం 2023-24లో ఈ దేశంలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో మనవాళ్లు ఎంతమందో నా క్లాసులో హాజరు పిలిస్తేనే తెలిసిపోతుంది. ఈ లేఖ మాత్రం అందరికీ కాదు. ఏదో ఒక కోర్సులో గ్రేడ్ రావాల్సిన చోట ‘ఐ’, అంటే ఇన్‌కంప్లీట్, పడినవాళ్లకు, పడేలా ఉందని నిద్ర పట్టనివాళ్లకు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇది మనకు అలవాటైన సప్లీ కాదు. మన దగ్గర బీటెక్‌లో ఒక సబ్జెక్ట్ ఉండిపోతే యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇస్తుంది. ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఉంటుంది, అది దాటితే ఫైన్‌తో ఇంకో తేదీ ఉంటుంది. హాల్ టికెట్ వస్తుంది, వెళ్లి రాసొస్తాం. ఎవరినీ కలవక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. పేపర్ దిద్దేదెవరో కూడా మనకు తెలీదు. నాలుగేళ్లు ఆ పద్ధతిలో నడిచొచ్చినవాళ్లు ఇక్కడ ‘ఐ’ పడగానే, ఎప్పుడో ఒకప్పుడు కబురు వస్తుందిలే అని కూర్చుంటారు. ఇక్కడ ఏ కబురూ రాదు. మిగిలిన పని ఏమిటో, ఎప్పటిలోగా ఇవ్వాలో మీరూ మీ ప్రొఫెసరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ గడువు దాటితే చాలా చోట్ల సిస్టమే ‘ఐ’ తీసేసి ఎఫ్, అంటే ఫెయిల్, వేసేస్తుంది. చాలామందికి ఆ సంగతి నెలల తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ తీసినప్పుడు గానీ తెలియదు.

పరీక్షలో తప్పినవాళ్లను గట్టెక్కించడానికి పెట్టింది కాదు ఈ ఇన్‌కంప్లీట్. కోర్సులో చాలా భాగం అయిపోయి, పాస్ మార్కులతో ఉండి, చివర్లో చెయ్యి దాటిపోయిన కారణం వల్ల కొంత పని మిగిలిపోయినవాళ్ల కోసం పెట్టింది. ఆరోగ్యం పాడవడం, ఇంట్లో ఎవరైనా పోవడం, యాక్సిడెంట్ లాంటివి. ‘చాలా భాగం’ అంటే ఎంత అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. మనవాళ్లు పెద్ద సంఖ్యలో చదివే టెక్సస్ యూనివర్సిటీ డాలస్ క్యాంపస్‌లో కనీసం 70 శాతం కోర్సు పని పూర్తయి ఉండాలి, తర్వాతి లాంగ్ సెమిస్టర్ (ఫాల్ లేదా స్ప్రింగ్) మొదలైన 8 వారాల్లో మిగతాది పూర్తి చేయాలి. లేకపోతే ఎఫ్. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఏడాది గడువు. అక్కడ డిగ్రీ విద్యార్థికైతే గడువు దాటాక ఫెయిల్ గ్రేడ్ పడుతుంది, మాస్టర్స్ విద్యార్థికి ఆ ‘ఐ’ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, ఆ కోర్సు మళ్లీ తీసుకోవాల్సిందే. ఒక చోట 8 వారాలు, ఇంకో చోట ఏడాది! అందుకే వేరే యూనివర్సిటీలో ఉన్న మీ ఫ్రెండ్ చెప్పిన గడువు మీకు వర్తిస్తుందనుకోకండి. మీ యూనివర్సిటీ కేటలాగ్‌లో ‘ఇన్‌కంప్లీట్’ అని వెతికితే ఆ పేరా రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

సగం కోర్సు కూడా కాకుండానే ఆగిపోయిందా? అప్పుడు ఇన్‌కంప్లీట్ మీకు సరిపడే మార్గం కాదు. కోర్సు నుంచి విత్‌డ్రా కావడం మేలు. కానీ ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా, మీద ఉన్నవాళ్లు డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) ముందస్తు అనుమతి లేకుండా కోర్సు డ్రాప్ చేయకూడదు. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

అడగాల్సిన సమయం గ్రేడ్లు పెట్టకముందు. ఇది మనవాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తారు. ఫైనల్ ఎగ్జామ్‌కి రారు, మెయిల్ పెట్టరు, గ్రేడ్ చూశాక రాత్రి పన్నెండింటికి ‘మేడమ్, నా వీసా పోతుంది, దయచేసి మార్చండి’ అని రాస్తారు. ఆ మెయిల్ చదువుతుంటే గుండె తరుక్కుపోతుంది, అయినా నా చేతిలో అప్పటికి ఏమీ ఉండదు. వీసా పోతుందన్నది గ్రేడ్ మార్చడానికి కారణం కాదు, ఏ ప్రొఫెసరూ ఆ కారణం మీద మార్చలేరు. అదే మనిషి నాలుగు రోజుల ముందు ‘డెంగ్యూతో హాస్పిటల్లో ఉన్న అమ్మ కోసం ఊరెళ్లాల్సి వచ్చింది, ఫైనల్ రాయలేను’ అని రాసి ఉంటే, అరగంటలో తేలిపోయే విషయం.

ఆ మెయిల్ ఎలా రాయాలో తెలియకే చాలామంది ఆగిపోతున్నారని నాకు అర్థమైంది. ప్రాధేయపడనక్కర్లేదు, పొగడనక్కర్లేదు, క్షమాపణలు నాలుగైదు సార్లు చెప్పనక్కర్లేదు. కోర్సు నంబరు, సెక్షన్, మీ స్టూడెంట్ ఐడీ. ఏం జరిగిందో ఒక వాక్యం. ఇప్పటిదాకా ఏమేం ఇచ్చారు, ఏం మిగిలింది. మిగిలింది ఎప్పటికి ఇవ్వగలరు. డాక్టర్ లెటరో, విమాన టికెట్టో ఉంటే జత చేయండి. చివర్లో ‘ఇన్‌కంప్లీట్‌కి నేను అర్హుడినేనా, అయితే ఫారం ఎక్కడ నింపాలి’ అని సూటిగా అడగండి. అంతే. గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌ని కాపీలో పెట్టండి. ఇంట్లో చావు లాంటిది జరిగితే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకి ఒక్క మెయిల్ పెట్టండి. చాలా యూనివర్సిటీల్లో వాళ్లే మీ ప్రొఫెసర్లందరికీ సమాచారం పంపుతారు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న పిల్లవాడు నలుగురు ప్రొఫెసర్లకు విడివిడిగా అదే మాట చెప్పుకోవాల్సిన అవసరం ఉండకూడదు కదా.

ఇంచుమించు అలాంటి ఒక అబ్బాయి గురించే ఇక్కడ చెప్పాలి. ఖమ్మం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చాడు. ఫైనల్స్‌కి వారం ముందు నాన్న పోయారు. దొరికిన ఫ్లైట్ ఎక్కి వెళ్లిపోయాడు, ఎవరికీ చెప్పలేదు. ప్రాజెక్ట్‌లో అతనితో కలిసి పనిచేసిన అమ్మాయి చెబితే నాకు తెలిసింది. నేనే మెయిల్ పెట్టి, అతను ఊళ్లో ఉండగానే ఇన్‌కంప్లీట్ ఫారం పంపాను. పెద్దకర్మ చేసి తిరిగొచ్చాక నా ఆఫీసులో కూర్చుని, ‘సెలవు ఎవరిని అడగాలో తెలియలేదు మేడమ్’ అన్నాడు. నేను పంపిన ఫారం మీద ఫోన్లోనే సంతకం పెట్టి పంపేశాడట, చదవలేదు.

ఆ ఫారం ప్రింట్ తీసి అతని ముందు పెట్టాను. మీరూ ఆ కాగితాన్ని దగ్గరగా చూడండి. అన్ని చోట్లా ఒకేలా ఉండకపోయినా సాధారణంగా అందులో మూడు సంగతులు ఉంటాయి. మిగిలిన పని ఏమిటి, గడువు ఎప్పుడు, ఆ గడువులోగా ఇవ్వకపోతే పడే గ్రేడ్ ఏది. మూడోదాన్ని మనవాళ్లు చూడరు. అతనికి అప్పటికి 70కి 62 వచ్చాయి. మిగిలింది 30 మార్కుల ఫైనల్ ఒక్కటే. అది రాయకపోతే 30 చోట సున్నా పడుతుంది, మొత్తం వందకి 62, అంటే డి. మాస్టర్స్ కోర్ కోర్సులో డి వస్తే మళ్లీ మూడు క్రెడిట్ల ఫీజు కట్టి చదవాలి, జీపీఏ 3.0 కిందికి జారితే ప్రొబేషన్, అంటే మార్కులు మెరుగుపడాలన్న హెచ్చరిక. ఆ గడిలో నేను రాసింది డి అని చూసి అతని మొహం పాలిపోయింది. అప్పుడు కింద పెన్సిల్‌తో ఇంకో లెక్క వేసి చూపించాను. బి రావాలంటే 80 కావాలి. చేతిలో 62 ఉన్నాయి. 30కి 18 తెచ్చుకుంటే చాలు. ‘అంతేనా మేడమ్?’ అన్నాడు. అంతే! మూడు వారాలుగా ఆ అబ్బాయిని తినేస్తున్న భయం వెనక ఉన్నది పద్దెనిమిది మార్కులు. జనవరి మూడో వారంలో రాశాడు, 25 వచ్చాయి.

అందుకే చెబుతున్నా, ఫారం మీద సంతకం పెట్టే ముందు ఆ లెక్క మీరే వేసుకోండి, లేదా ప్రొఫెసర్‌ని అడిగి వేయించుకోండి. మిగిలిన పనిని ‘ప్రాజెక్ట్, ఎగ్జామ్’ అని ముక్తసరిగా రాసి ఉంటే, ఏ ప్రాజెక్ట్, ఎన్ని మార్కులకి, ఎక్కడ సబ్మిట్ చేయాలి అని వివరంగా రాయించుకోండి. గ్రూప్ ప్రాజెక్ట్ అయితే తక్కిన ముగ్గురూ అప్పటికే పూర్తి చేసి వెళ్లిపోయి ఉంటారు, మీ వంతుకి బదులు విడిగా ఏం చేయాలో అందులో స్పష్టంగా ఉండాలి. గడువు తేదీ యూనివర్సిటీ ఇచ్చే గరిష్ట గడువే కానక్కర్లేదు, ప్రొఫెసర్ అంతకంటే ముందే పెట్టొచ్చు. ఆ తేదీయే మీ తేదీ.

సెమిస్టర్ అయిపోయిన కొన్నాళ్లకు కాన్వాస్‌లో (పాఠాలు, అసైన్‌మెంట్లు ఉండే వెబ్‌సైట్) కోర్సు పేజీ మూసుకుపోతుంది. లెక్చర్ స్లైడ్లు, అసైన్‌మెంట్ ప్రశ్నలు, మీరు ఇచ్చిన ఫైళ్లు అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పేజీ తెరిచి ఉంచమని ప్రొఫెసర్‌ని అడగండి. అలాగే, అదే కోర్సుకి మళ్లీ రిజిస్టర్ చేసుకోకండి. ఇన్‌కంప్లీట్ పూర్తి చేయడానికి మళ్లీ రిజిస్టర్ కానక్కర్లేదని, ఫీజు కట్టనక్కర్లేదని చాలా యూనివర్సిటీల రూల్సే చెబుతాయి. తెలియక రిజిస్టర్ చేసుకుని మూడు క్రెడిట్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అమ్మానాన్నలు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు అది.

ఇక ఎఫ్-1 సంగతి. ఇక్కడ పొరపాటు చేస్తే గ్రేడ్ కాదు, ఈ దేశంలో ఉండే అర్హతే పోతుంది. చాలా యూనివర్సిటీల్లో మాస్టర్స్ విద్యార్థికి ఫుల్‌టైమ్ అంటే సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. డిగ్రీ విద్యార్థికి ఫెడరల్ రూల్ ప్రకారమే కనీసం 12. మొన్నటి సెమిస్టర్‌లో ‘ఐ’ పడిన కోర్సు పని ఈ సెమిస్టర్‌లో చేస్తున్నారు కాబట్టి, ఆరు క్రెడిట్లకి రిజిస్టర్ అయి, ఈ మూడూ కలుపుకుంటే తొమ్మిది అని కొందరు లెక్క వేసుకుంటారు. కలవదు! ఆ మూడు క్రెడిట్లు పాత సెమిస్టర్ ఖాతాలోవి. ఈ సెమిస్టర్‌లో రిజిస్టర్ అయిన కోర్సులే సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, లెక్క. పూర్తి లోడ్‌తో పాటు పాత పని కూడా మోయాలన్నమాట, అది కష్టమని నాకూ తెలుసు. ఆరోగ్యం వల్ల మోయలేకపోతే డాక్టర్ లెటర్‌తో రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అడగొచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల వరకు ఇస్తారు. కానీ క్లాసులు తగ్గించుకునే ముందే డీఎస్‌ఓ అనుమతి సిస్టమ్‌లో పడాలి. తగ్గించుకుని ఆ తర్వాత అడిగితే కుదరదు.

ఆఖరి సెమిస్టర్‌లో ‘ఐ’ పడితే ఆ రోజే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి. రేపు వద్దు. ‘ఐ’ ఉండగా డిగ్రీ రాదు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) మీద ప్రోగ్రామ్ ముగిసే తేదీ మాత్రం దాని దారిన అది వచ్చేస్తుంది. పొడిగింపు కావాలంటే ఆ తేదీ రాకముందే అడగాలి, దానికి చదువుకి సంబంధించిన బలమైన కారణమో, ఆరోగ్య కారణమో చూపించాలి. ప్రొబేషన్ వల్ల ఆలస్యమైందంటే ఒప్పుకోరు. ఓపీటీకి, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే తాత్కాలిక అనుమతికి, ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, తర్వాత 60 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే కోర్సులన్నీ అయిపోతాయన్న లెక్క మీదే అది నడుస్తుంది. థీసిస్ మిగిలితే రూల్‌లో దారి ఉంది, కోర్సు మిగిలితే వ్యవహారం వేరు. ఉద్యోగం ఆఫర్ చేతిలో ఉండి, జాయినింగ్ తేదీ కూడా చెప్పేశాక ఈ సంగతి తెలుసుకున్నవాళ్లను చూశాను. వాట్సాప్ గ్రూపులో అడక్కండి. కన్సల్టెన్సీ వాళ్లని అడక్కండి. మీ ఫైలు తెరిచి చూడగలిగింది డీఎస్‌ఓ ఒక్కరే.

పని ఇచ్చేశాక కూడా వ్యవహారం ముగియదు. ప్రొఫెసర్ దిద్దాలి, గ్రేడ్ మార్పు ఫారం పంపాలి, డిపార్ట్‌మెంట్ నుంచి రిజిస్ట్రార్‌కి చేరాలి. మేం కూడా మర్చిపోతాం. రెండు వారాలకు ట్రాన్‌స్క్రిప్ట్‌లో మారకపోతే మర్యాదగా గుర్తుచేయండి, అది తప్పు కాదు, ఎవరూ నొచ్చుకోరు. గడువులోగా అవదనిపిస్తే గడువు ముగియక ముందే పొడిగింపు అడగండి. ఇంకొక చిక్కు, ఇక్కడ చాలా కోర్సులు ఒక్కో సెమిస్టర్ కాంట్రాక్ట్ మీద వచ్చే ఎడ్జంక్ట్‌లు చెబుతారు. జనవరి వచ్చేసరికి వాళ్లు ఆ యూనివర్సిటీలోనే ఉండకపోవచ్చు, మెయిల్ ఐడీ కూడా పనిచేయకపోవచ్చు. అలాంటప్పుడు డిపార్ట్‌మెంట్ చైర్‌నో, గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ డైరెక్టర్‌నో కలవండి. సంతకాలున్న ఫారం కాపీ మీ దగ్గర ఉంటే ఆ పని సులువు. కారిడార్‌లో నిలబడి ‘సరే, తర్వాత ఇవ్వు’ అన్న మాట తప్ప ఏమీ లేకపోతే మీ పక్షాన మాట్లాడేవాళ్లుండరు.

మీ రూమ్మేట్లకీ సీనియర్లకీ కూడా ఒక మాట చెప్పాలి. ‘ఏం కాదు రా, తర్వాత చూసుకోవచ్చు’ అని ప్రేమతోనే అంటారు. ఆ మాట వల్ల పోయిన గడువులు చాలా ఉన్నాయి. దాని బదులు ‘పద, ఆఫీస్ అవర్స్‌కి నేనూ వస్తా’ అనండి. కొత్తగా వచ్చినవాళ్లకి ప్రొఫెసర్ తలుపు కొట్టడమే పెద్ద భయం. గది బయట వరకు ఒకరు తోడొస్తే లోపలికి వెళ్తారు. ‘ఇంత ఇస్తే ప్రాజెక్ట్ చేసి పెడతాం’ అనే మెసేజ్‌లు కూడా మన వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతుంటాయి. మిగిలి ఉన్న ఒక్క అసైన్‌మెంట్ కదా అని డబ్బిచ్చి చేయించుకుంటే, పట్టుబడిన రోజు ‘ఐ’ చోట ఎఫ్ పడటంతో ఆగదు, కేసు డీన్ దాకా వెళ్తుంది, సస్పెన్షన్ దాకా పోవచ్చు. సస్పెండ్ అయితే ఎఫ్-1 సంగతి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీకు రాని కోడ్ గురించి నన్ను అడగండి, మీ టీఏని (టీచింగ్ అసిస్టెంట్) అడగండి, ట్యూటరింగ్ సెంటర్‌కి వెళ్లండి. అవన్నీ మీరు కట్టిన ఫీజులోనివే.

కొందరికి పని ఎందుకు మిగిలిపోయిందో నాకు తెలుసు. మీరు చెప్పకపోయినా తెలుసు. అద్దె, ఈఎంఐ, రాత్రంతా ఎక్కడో షిఫ్ట్, పొద్దున క్లాసులో కళ్లు మూతలు పడటం. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లో మాత్రమే అన్న రూల్ మీకూ తెలుసు. బయట పని చేయడం వల్ల కోర్సు ఆగిపోతే ఆ కారణం మీద ఇన్‌కంప్లీట్ అడగలేరు, అబద్ధపు డాక్టర్ లెటర్ తెస్తే అంతకంటే పెద్ద ప్రమాదం. డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాటే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసులో చెప్పండి. చాలా చోట్ల ఎమర్జెన్సీ ఫండ్, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉంటాయి. ఇంటర్నేషనల్ విద్యార్థులకు ఏది వర్తిస్తుందో వాళ్లు చెబుతారు. మనవాళ్లు ఆ గడప తొక్కరు, అడగడం నామోషీ అనుకుని.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా ఈ విషయం చెప్పండి. ‘ఒక కోర్సు కొంచెం మిగిలింది, ఫలానా తేదీకి పూర్తి చేస్తున్నా’ అంటే అమ్మానాన్నలు కంగారు పడతారు గానీ అర్థం చేసుకుంటారు. దాచుకుని ఒక్కరే మోసేవాళ్లే తిండి మానేసి, ఫోన్లు ఎత్తకుండా, గదిలోంచి బయటికి రాకుండా అయిపోతున్నారు. అలా ఉంటే క్యాంపస్ కౌన్సెలింగ్‌కి వెళ్లండి, అక్కడ చెప్పింది ప్రొఫెసర్లకు చేరదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి కాల్ గానీ టెక్స్ట్ గానీ చేయండి, అమెరికాలో ఎక్కడినుంచైనా రాత్రీ పగలూ ఎత్తుతారు.

ఈ లేఖ చదువుతున్న మీలో ఎవరికైనా ఇప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ‘ఐ’ ఉండి, గడువు తేదీ తెలియకపోతే, ఇప్పుడే మీ ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే రెండు రోజులు చూసి గ్రాడ్యుయేట్ అడ్వైజర్ దగ్గరికి నేరుగా వెళ్లండి. ఫారం కాపీ అడగండి, ఆ మూడో గడిలో ఏ గ్రేడ్ రాసి ఉందో చూడండి.

ఇట్లు,
అమెరికాలో పాఠాలు చెప్పే ఒక తెలుగు టీచర్